మిదిగమ రీఫ్ రివ్యూ: ఇసుక మీద నేర్చుకున్నవాళ్ళు రాళ్ళ మీది అలకి ఎప్పుడు వెళ్ళాలి?

నమస్తే అండీ. వెనకాల బస్సు హారన్లు వినిపిస్తూనే ఉంటాయి, కొంచెం సర్దుకోండి. ఇది శ్రీలంకలో గాలె నుంచి మాతర వెళ్ళే రోడ్డు. ఊరి పేరు మిదిగమ. రోడ్డు దాటితే సముద్రమే. టైం ఇప్పుడు ఉదయం ఆరున్నర.

అదిగో, నలుగురు బోర్డుల మీద కూర్చుని ఉన్నారు చూడండి. వాళ్ళ పక్కనే నీళ్ళు నిక్కి లేచి, అంచు తెల్లగా మడతపడి, ఆ మడత అలా కుడివైపుకి నడుచుకుంటూ పోతోంది. ఒడ్డు నుంచి చూస్తే కుడి, కానీ దీని పేరు లేజీ లెఫ్ట్. ఎందుకంటే ఒడ్డు వైపు మొహం పెట్టి అల మీద వచ్చేవాళ్ళకి అది ఎడమ. సర్ఫింగ్‌లో కుడి ఎడమలన్నీ అల ఎక్కినవాళ్ళ లెక్కే.

ఇంకో అల చూడండి. సరిగ్గా అదే చోట లేచింది. ఇంకోటి, మళ్ళీ అక్కడే. ఈ వీడియో అంతా నేను చెప్పబోయేది దీని గురించే.

నేను సర్ఫింగ్ నేర్చుకున్నది విశాఖలో, రుషికొండ దగ్గర. మూడేళ్ళుగా నా కాళ్ళ కింద ఉన్నది ఇసుకే. ఇసుక మీద సర్ఫింగ్ చేసేవాళ్ళకి తెలుసు, నిన్న అల విరిగిన చోట ఇవాళ విరగదు. ఒక వాయుగుండం వచ్చి వెళ్ళిందంటే నీళ్ళ కింద ఇసుక మేట జాగా మారిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. దానికో అందం ఉంది, కాదనను. పడితే ఇసుక మీదే పడతాం, దులుపుకుని లేస్తాం. కానీ ఒక అలని పదిసార్లు అదే చోట చూసి, దాని స్వభావం నేర్చుకునే అవకాశం అక్కడ దొరకదు.

ఇక్కడ కింద ఉన్నది రాయి, దాని మీద పగడం. దీన్నే రీఫ్ అంటాం. అది కదలదు. దక్షిణాన, హిందూ మహాసముద్రంలో ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుఫానులు రేపిన అలలు వరసగా ప్రయాణం చేసి ఇక్కడికి వస్తాయి. లోతు నీళ్ళలో అవి కంటికి కూడా ఆనవు, చిన్న ఉబ్బులా సాగిపోతుంటాయి. ఒక్కసారిగా కింద రాయి తగిలేసరికి అల అడుగుభాగం నెమ్మదిస్తుంది, పైభాగం మాత్రం అదే ఊపు మీద ఉంటుంది. దాంతో అల నిటారుగా లేచి ముందుకి తిరగబడుతుంది. అల ఎత్తు ఒక మీటరు ఉంటే, నీటి లోతు మీటరుంబావు, అటూ ఇటూగా ఉన్న చోట విరుగుతుందని ఒక మోటు లెక్క. రాయి కదలదు కాబట్టి ఆ లోతు ఎప్పుడూ అదే చోట దొరుకుతుంది, అల అక్కడే విరుగుతుంది.

ఇంతకీ ఈ రాళ్ళ సంగతి ఇక్కడివాళ్ళకి సర్ఫింగ్ కంటే చాలా ముందే తెలుసు. ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో గాలె ఉంది కదా. మనకి ఆ పేరు క్రికెట్ స్టేడియం వల్ల తెలుసు, వెనకాల కనిపించే డచ్చివాళ్ళ కోట వల్ల తెలుసు. నిజానికి కొలంబో రేవు పెద్దది కాకముందు, పందొమ్మిదో శతాబ్దం దాకా ఈ దీవికి ముఖ్యమైన రేవు గాలెయే. కానీ ఓడలవాళ్ళకి గాలె అంటే భయం. రేవు మొగలో నీళ్ళ కింద రాళ్ళు. నైరుతి గాలి మొదలైతే అడ్డు లేదు. అవోండ్‌స్టర్ అనే డచ్చి ఓడ 1659లో ఆ రేవులోనే లంగరు జారి మునిగిపోయింది. దాని చెక్కలు మూడువందల ఏళ్ళ తర్వాత డైవర్లకి దొరికాయి. 1875లో కొలంబోలో సముద్రానికి అడ్డుగోడ కట్టడం మొదలుపెట్టాక ఓడలు మెల్లగా అటు మళ్ళిపోయాయి. నిన్న సాయంత్రం కోట గోడ మీద కూర్చుని కింద రాళ్ళ మీద నీళ్ళు చిట్లుతుంటే చూస్తూ ఇదే అనుకున్నాను. ఓడ నడిపేవాడికి చేటు చేసిన రాయే, బోర్డు పట్టుకుని వచ్చినవాడికి కావలసిన రాయి. రాయి మాత్రం ఒకటే. అందుకే రీఫ్ మీదకి వెళ్ళేటప్పుడు ఓడవాడి భయం కొంచెం మనలోనూ ఉండాలి.

సరే, సీజన్ సంగతి చూద్దాం. ఈ దక్షిణ తీరానికి నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. ఆ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, అంటే ఇక్కడ నేల మీద నుంచి సముద్రం వైపుకి. దాన్నే ఆఫ్‌షోర్ గాలి అంటాం. అలకి ఎదురుగా వీచి, దాని మొహాన్ని నున్నగా నిలబెడుతుంది. మే నుంచి నైరుతి ఋతుపవనం వస్తే సముద్రం చిందరవందరగా ఉంటుంది, అప్పుడు సర్ఫర్లందరూ తూర్పు తీరంలో అరుగం బే వైపు వెళ్ళిపోతారు. ఈ సీజన్‌లో కూడా రోజులో మంచి టైం పొద్దుటిపూటే. పదిన్నర, పదకొండు దాటితే సముద్రపు గాలి మొదలై అల మీద గరుకు తేలుతుంది.

ఇప్పుడు నేను లోపలికి వెళ్ళిన రోజు గురించి చెబుతాను.

మొదటి రోజు అసలు నీళ్ళలోకి దిగలేదు. బోర్డు పక్కన పెట్టుకుని గంటసేపు ఇదే గట్టు మీద కూర్చున్నాను. మీరూ అదే చేయండి. అలలు గుంపులుగా వస్తాయి, ఒక్కో గుంపుని సెట్ అంటాం; సెట్‌కి సెట్‌కి మధ్య ఎంత గ్యాప్ వస్తోంది, లోపలికి వెళ్ళేవాళ్ళు ఏ దారిన వెళ్తున్నారు, ఎక్కడ అస్సలు అల విరగడం లేదు, ఇవి చూడాలి. అల విరగని ఆ ముదురు రంగు నీళ్ళే లోతు దారి, ఛానల్. వెళ్ళడానికీ రావడానికీ అదే రోడ్డు. పక్కనే బోర్డులు కడుగుతున్న ఒక పెద్దాయన నన్ను చూసి, "మల్లీ, నీళ్ళు ఇంకా రానీ" అన్నాడు. సింహళంలో మల్లి అంటే తమ్ముడు. పోటు ఇంకా ఎక్కాలని ఆయన మాట.

ఆ మాట ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది. మన విశాఖలో ఆటుపోట్ల మధ్య ఒకటిన్నర మీటరు దాకా తేడా ఉంటుంది. ఇక్కడ అర మీటరు, ఆ చుట్టుపక్కలే. అర మీటరే కదా అనిపిస్తుంది. కానీ రాయి మీద ఉన్నదే నడుము లోతు నీళ్ళు అయినప్పుడు, ఆ అర మీటరే మనకున్న పరుపు. అది తగ్గితే తల కిందకి పడినప్పుడు మధ్యలో ఏమీ ఉండదు.

రెండో రోజు పోటు ఎక్కుతుండగా దిగాను. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ (ప్యాడిల్ చేస్తూ) ఛానల్‌లో వెళ్తూ కిందకి చూస్తే రాయి స్పష్టంగా కనిపిస్తోంది. గోధుమ రంగు, పసుపు మచ్చలు, రాతి సందుల్లో నల్లగా సీ అర్చిన్‌లు, అంటే ముళ్ళ బంతుల్లాంటి సముద్రపు జీవులు, ఒక్కొక్క ముల్లు వేలెడంత. బోర్డు నీడ వాటి మీదుగా జారిపోతుంటే చేతులు వాటంతట అవే పైపైన పడుతున్నాయి. రుషికొండలో ఎప్పుడూ నా కింద ఏముందో నాకు కనిపించలేదు. ఇక్కడ కనిపిస్తోంది. టెన్షన్ వచ్చింది, నిజంగానే వచ్చింది.

లైనప్‌లో, అంటే అల కోసం అందరూ ఎదురుచూసే చోట, కూర్చున్నాక ఒడ్డు మీద ఒక కొబ్బరిచెట్టుని, దాని వెనక ఇంటి కప్పుని గుర్తు పెట్టుకున్నాను. ఆ రెండూ ఒకే వరసలోకి వచ్చిన చోట ఉంటే అల నా దగ్గరే లేస్తోంది. మన దగ్గర తెప్పల మీద వేటకి వెళ్ళేవాళ్ళు కూడా ఒడ్డున ఉన్న కొండనీ, గుడినీ పెట్టుకునే వల వేసే జాగా గుర్తుపడతారు. నేను చేసింది అదే. ఇసుక మీద ఈ గుర్తు రెండు రోజుల్లో పనికిరాకుండా పోతుంది. ఇక్కడ వారం రోజులూ అదే చెట్టు, అదే కప్పు, అదే అల.

నేను ఎడమ కాలు ముందు పెట్టి నిలబడతాను, సర్ఫింగ్‌లో దాన్ని రెగ్యులర్ అంటాం. కాబట్టి ఎడమకి పోయే ఈ అల నా వీపు వైపు ఉంటుంది. మొదటి మూడూ వదిలేశాను. నాలుగోదానికి లేచాను. లేచాక మామూలుగా విశాఖలో అయితే నాలుగు సెకన్లు, ఐదు సెకన్లు, అంతలో అల మొత్తం ఒకేసారి కుప్పకూలుతుంది. ఇక్కడ కూలలేదు. భుజం మీదుగా వెనక్కి చూస్తే అల గోడలా నిలబడే ఉంది, నేను వెళ్ళేకొద్దీ ముందు ఇంకా తెరుచుకుంటోంది. బోర్డు కింద నీళ్ళు రాసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఒక మలుపు తిప్పాను, మళ్ళీ టైం ఉంది, ఇంకోటి తిప్పాను. మూడేళ్ళలో ఒకే అల మీద రెండు మలుపులు తిప్పడం నాకు అదే మొదటిసారి. ఛానల్‌లోకి వచ్చి ఆగాక కాసేపు బోర్డు మీద అలా పడుకుండిపోయాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

ఇప్పుడు బాగోలేనిది కూడా చెప్పాలి. మూడో రోజు ఒక చోట బోర్డు అద్దెకి తీసుకున్నాను, ఆ చోటి పేరు చెప్పను. కాలికి కట్టుకునే లీష్ పాతబడి, బోర్డుకి కట్టిన తాడు దగ్గర నలిగి ఉంది. అడిగితే ఏం కాదన్నారు, నేనూ ఊరుకున్నాను. ఒక పెద్ద అల కింద పడ్డాక లీష్ తెగింది. బోర్డు రాళ్ళ మీదకి పోయింది. ఈదుకుంటూ ఛానల్ వైపు వెళ్ళాల్సింది పోయి, బోర్డు కోసం దాని వెంట వెళ్ళాను. అది తప్పు. ఎడమ మడమలో నాలుగు ముళ్ళు దిగాయి. తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెట్టి, మెత్తబడ్డాక ట్వీజర్‌తో మూడు తీశారు, నాలుగోది విరిగి లోపల ఉండిపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. దాంతో పాటు బోర్డు దెబ్బతిన్నందుకు డబ్బు కూడా కట్టాను. అద్దెకి తీసుకునేటప్పుడు లీష్‌ని రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి, బోర్డు అడుగున రెక్కల్లా ఉండే ఫిన్‌లు ఊపి చూడండి, బోర్డుని నాలుగు వైపులా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. రీఫ్ బూట్లు వేసుకోండి. బోర్డు పోయినా ఫరవాలేదు, ముందు లోతు నీళ్ళలోకి రండి.

పడేటప్పుడు కూడా ఇసుక మీద పడినట్టు కాళ్ళు కిందకి చాపకూడదు, తల ముందు పెట్టి దూకకూడదు. వెడల్పుగా, వీపు మీద, పళ్ళెంలా పడాలి. చేతులు తల చుట్టూ పెట్టుకోవాలి. గీసుకుంటే చిన్నదని వదలకండి. పగడం గీత తొందరగా చీము పడుతుంది, మంచినీళ్ళతో బాగా రుద్ది కడగాలి.

ఇక్కడికి దగ్గర్లోనే రామ్స్ అని ఇంకో రీఫ్ ఉంది. కుడికి విరుగుతుంది, నీళ్ళు చాలా తక్కువ, అల బరువుగా పడుతుంది. ఒడ్డు నుంచి చూసి ఆనందించండి. నేనూ అంతే చేశాను.

ఇంకో విషయం. దయచేసి పగడం మీద నిలబడకండి, ముక్కలు ఏరి తెచ్చుకోకండి. ఈ తీరంలో ఎన్నో ఏళ్ళు సున్నం కోసం పగడాన్ని తవ్వేశారు. 1998లో నీళ్ళు వేడెక్కి ఉన్నదాంట్లో చాలా తెల్లబడి చచ్చిపోయింది. కొలంబో నుంచి గాలెకి రైల్లో వస్తుంటే హిక్కడువకి ముందు పెరలియ అనే ఊరు వస్తుంది. 2004 డిసెంబర్ 26న సునామీ ఒక రైలుని మొత్తం ముంచేసింది అక్కడే, వెయ్యిమందికి పైగా పోయారు. పగడం తవ్వేసిన చోట నీళ్ళు ఎక్కువ లోపలికి వచ్చాయని తర్వాత పరిశీలించినవాళ్ళు చెప్పారు. ఆ రోజు మన తీరంలో కూడా ఎంతోమంది పోయారు. ఆ ఊరు దాటేటప్పుడు కిటికీలోంచి సముద్రం అంత దగ్గరగా, అంత ప్రశాంతంగా కనిపిస్తుంటే నోట మాట రాలేదు.

ఎవరు రావాలి? పచ్చి అలని, అంటే ఇంకా విరగని అలని, మీ అంతట మీరు పట్టుకుని కుడికో ఎడమకో తిప్పగలిగితే రండి. నురుగు మీద నిలబడే దశలో ఉంటే ఇంకొంచెం ముందుకెళ్ళి వెలిగమలో దిగండి. వెలి అంటే ఇసుక, గమ అంటే ఊరు. పేరుకి తగ్గట్టే మెత్తటి ఇసుక బీచ్, నేర్పించేవాళ్ళు బోలెడంతమంది. అక్కడ నాలుగు రోజులు, తర్వాత ఇక్కడికి. అల వరకు అయితే నేను పదికి తొమ్మిది ఇస్తాను. జనం విషయంలో ఐదే. జనవరిలో ఎనిమిది దాటితే ఒక్కో అలకి పదిమంది. విరిగే చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్ళది, మధ్యలో దూరకండి. ఊళ్ళోవాళ్ళకి ముందు వదిలేయండి, వాళ్ళే పిలిచి మీకు ఒకటి ఇస్తారు.

ఖర్చు పెద్దగా భయపెట్టదు. మన రూపాయికి అక్కడివి మూడు పైనే వస్తాయి. గాలె నుంచి మిదిగమకి రైలు ఉంది, స్టేషన్ నుంచి నడిచే రావచ్చు. పొద్దున్నే అప్పం, పొల్ సంబోల్ తినండి. ఎండుమిర్చి వేసి దంచిన కొబ్బరి పచ్చడిలాగే ఉంటుంది, ఎండు చేప తిననివాళ్ళు ముందే చెప్పాలి, అందులో వేస్తారు.

మొదటి రోజు కలిసిన పెద్దాయన అటు నుంచి చెయ్యి ఊపుతున్నాడు, నీళ్ళు వచ్చాయట. మడమ నొప్పి తగ్గింది, లీష్ కొత్తది. ఇంకా ఇద్దరే ఉన్నారు లోపల. కెమెరా ఆపేస్తున్నానండీ.