పాత చెక్క రేసింగ్ పడవను ఎవరి చేతిలో పెట్టాలి?

యాంకర్: పాత చెక్క రోయింగ్ షెల్, అంటే తెడ్లతో నడిపే సన్నటి పోటీ పడవ ఒకటి ఉంది, ఎవరికైనా ఇచ్చేయాలి. మొదట ఎవరికి ఫోన్ చెయ్యాలండీ?

అతిథి: ఫోన్ తర్వాతండీ, ముందు టేపు తీసి పొడవు కొలవాలి. ఒక్కరు నడిపే సింగిల్ దాదాపు 8 మీటర్లుంటుంది. ఎనిమిది మంది కూర్చునే ఎయిట్ అయితే 18 మీటర్ల దాకా వస్తుంది. సింగిల్‌ని పెద్ద హాల్లో వేలాడదీయొచ్చు. ఎయిట్ పట్టే చోటు దొరకడమే కష్టం. మ్యూజియంలు వద్దనేది చాలాసార్లు అందుకే.

యాంకర్: చరిత్ర ఉన్న పడవైతే?

అతిథి: అప్పుడు మాట వేరు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టు ఎయిట్ పోటీలో స్వర్ణం గెలిచిన హస్కీ క్లిప్పర్ అనే పడవ ఇప్పటికీ సియాటెల్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీ పడవశాలలో పైకప్పుకి వేలాడుతోంది. దాన్ని చేసింది పేరున్న పడవల తయారీదారు జార్జ్ పోకాక్. అందుకే తయారీదారు పలక, వరుస సంఖ్య, ముందుకొన మీద రాసిన పేరు, పాత ఫోటోలు వెతికి పెట్టుకోండి. ఆధారం లేని కథకి ఎవరూ విలువివ్వరు.

యాంకర్: నీళ్ళలో దింపొచ్చో, గోడకే పరిమితమో ఎలా తెలుస్తుంది?

అతిథి: పడవను బోర్లించి, ఒక కొన దగ్గర కూర్చుని కీల్ వెంట, అంటే అడుగున పొడవునా ఉండే వెన్నుకర్ర వెంట చూడండి. నిలువుగా కాస్త వంపు ఉండాలి, అది పుట్టుకతో వచ్చిందే. పక్కకి తిరిగినా, మెలిపడినా దెబ్బ తిన్నట్టే. తర్వాత లోపల మరలు, పక్కటెముకలు కలిసే చోట్ల గోరుతో నొక్కండి. నల్లగా మెత్తగా తగిలితే కుళ్ళు. పడవ పైపొరగా ఉండే సెడార్ చెక్క మందం రెండు మూడు మిల్లీమీటర్లే, కాబట్టి గట్టిగా పొడవొద్దు.

ఇక రిగ్గర్లు! తెడ్డును పట్టే ఆ లోహపు చట్రాలు పోతే పడవ అలంకారానికే పనికొస్తుంది. బోల్టు రంధ్రాల దూరం తయారీదారుని బట్టి మారుతుంది, వేరేవి సరిపోవు. విప్పేటప్పుడు ఏ సీటుది ఏ వైపుదో ప్రతిదానికీ చీటీ కట్టండి. సీట్లు, అవి ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు, కాలిపలకలు కూడా వదలొద్దు.

యాంకర్: ఇచ్చేలోపు కొత్త వార్నిష్ వేసి మెరిపిస్తే?

అతిథి: దయచేసి వద్దు. పాత పూత గోకితే ఆ పల్చటి చెక్క కూడా లేచిపోతుంది, పైగా మరమ్మతు చేసేవాళ్ళకి పగుళ్ళు కనబడవు. తడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. ప్లాస్టిక్‌లో బిగించి చుట్టొద్దు, లోపల తేమ నిలిచి బూజు పడుతుంది. హీటర్ పక్కన పెడితే ఎండి చీలుతుంది.

యాంకర్: మరి ఎవరికివ్వాలి?

అతిథి: నడిపే స్థితిలో ఉంటే చెక్క పడవలు ఇష్టపడే రోయర్లకీ, మరమ్మతు కావాలంటే పడవల తయారీ నేర్పే బడులకీ. రెండూ కాకపోతే రోయింగ్ క్లబ్బు హాలు. వేలాడదీసేవాళ్ళని మాత్రం ఎన్ని పట్టీలు వేస్తారో అడగండి. వెడల్పు పట్టీలు సింగిల్‌కి రెండైనా, ఎయిట్‌కి నాలుగైనా, లోపలి అడ్డుచట్రాల కింద పడాలి. రెండు చివర్లకే కడితే కొన్నేళ్ళలో నడుము జారిపోతుంది. తలుపులో పట్టడం లేదని కోస్తామనేవాళ్ళకి ఇవ్వకండి.

యాంకర్: తరలింపు?

అతిథి: రోయింగ్ ట్రైలర్ మీద బోర్లించి, మెత్తటి ఆధారాల మీద. ఆ దారిన పోటీలకి వెళ్ళే క్లబ్బు ట్రైలర్‌లో ఖాళీ ఉందేమో అడిగితే ఖర్చు తగ్గుతుంది. తాడు కదలకుండా ఉంటే చాలు, ఇంకా బిగిస్తే అంచు పగులుతుంది. వెనక్కి పొడుచుకొచ్చిన కొనకి ఎర్రగుడ్డ కట్టండి. కవర్ గాలికి కొట్టుకుంటే దారంతా వార్నిష్‌ని రాస్తూనే ఉంటుంది, అది మాత్రం బిగుతుగా ఉండాలి.