ఆరు బిళ్ళలు, వారంలో ఒక్క రోజు

(ఫోన్-ఇన్ కార్యక్రమం. ఈ వారం: బ్లడ్ క్యాన్సర్ మందులు)

వ్యాఖ్యాత: పాలకొల్లు నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: డాక్టరు గారూ, నమస్తేనండి. మా బాబుకి ఆరేళ్ళు. ఏ.ఎల్.ఎల్. అనే బ్లడ్ క్యాన్సర్ అన్నారండి. సెలైన్ల కోర్సు అయిపోయింది, ఇప్పుడు ఇంటి దగ్గర బిళ్ళలే. శుక్రవారం మెథోట్రెక్సేట్ ఆరూ ఒకేసారి వెయ్యమన్నారు. పసివాడికి అన్ని వెయ్యాలంటే చెయ్యి రావట్లేదండి. రోజుకొకటి వేసినా అవే ఆరు కదండీ?

డాక్టరు: అలా మొదలుపెట్టేశారా?

కాలర్: లేదండి, రేపే శుక్రవారం. అడిగి వేద్దామని.

డాక్టరు: మంచి పని చేశారు. పంచకండి. బిళ్ళ 2.5 మిల్లీగ్రాములు, ఆరూ కలిపి 15. బాబు ఎత్తు, బరువు చూసి, ఒంటి వైశాల్యం లెక్కగట్టి రాసిన మోతాదది. ఒక రోజు మందు పడ్డాక మిగతా ఆరు రోజులూ నోటి పొర, పేగు, మూలుగ కోలుకోవాలి. రోజూ వేస్తే ఆ తెరిపి ఉండదు. ముందు నోరు పూస్తుంది, ఆపైన తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఈ మందుతో జరిగే అతి ప్రమాదకరమైన పొరపాటు ఇదే. రోజూ వెయ్యాల్సింది మెర్కాప్టోప్యూరిన్. రెండూ ఒక డబ్బాలో పెట్టకండి. మెథోట్రెక్సేట్ డబ్బా మీద ‘శుక్రవారం’ అని రాయండి, వేసిన వెంటనే క్యాలెండర్లో టిక్కు పెట్టండి.

కాలర్: ఆయ్, అలాగేనండి. వాడు పాలిపోయాడని మా ఆడపడుచు రక్తం పట్టే టానిక్ తెచ్చిందండి.

డాక్టరు: సీసా మీద ఏం రాసుంది?

కాలర్: ఐరన్, ఫోలిక్ ఆసిడ్...

డాక్టరు: మూత తియ్యకండి. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆసిడ్ కావాలి. లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, కణం ఆగకుండా చీలుతుంది, దానికీ అదే కావాలి. మెథోట్రెక్సేట్ చూడ్డానికి దాదాపు ఫోలిక్ ఆసిడే: ఒకచోట హైడ్రాక్సిల్ బదులు అమైనో, ఇంకోచోట అదనంగా ఒక మిథైల్. తూములో చెక్కదిమ్మ ఇరుక్కుంటే చేలోకి నీరు ఆగినట్టు, ఇది ఫోలిక్ ఆసిడ్‌ని పనికి తెచ్చే ఎంజైములో ఇరుక్కుంటుంది.

ఇది కనిపెట్టిన బృందాన్ని నడిపింది మీ పక్క ఊరాయనేనమ్మా. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ లేబొరేటరీలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ జాతి పదార్థాలు లుకేమియా పిల్లలకిస్తే జబ్బు ఇంకా ఉరకలేసినట్టు కనిపించింది. మీ ఆడపడుచు ఆలోచన వాళ్ళకీ వచ్చిందన్నమాట! అప్పుడు తిరగేశారు, ఫోలిక్ ఆసిడ్‌ని అడ్డుకుందామని. సుబ్బారావు బృందం పంపిన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ పత్రం 1948లో వచ్చింది. ఆ మేలు కొన్ని నెలలే నిలిచింది. ఒక్క మందు చాలదని తేలింది, అందుకే ఇప్పుడు మీ వాడికి ఇన్ని రకాలు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కి తమ్ముడు.

వ్యాఖ్యాత: ఎవరైనా పొరపాటున రోజూ వేసేసి ఉంటే?

డాక్టరు: నోరు పూసేదాకా చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. విరుగుడుగా లూకోవొరిన్ ఇస్తారు. మూసుకుపోయిన తూముతో పనిలేకుండా పక్క బోదెలోంచి నీళ్ళు పెట్టినట్టు పనిచేస్తుంది. ఒళ్ళు నొప్పుల బిళ్ళలు కూడా అడక్కుండా వెయ్యొద్దు, కిడ్నీల్లోంచి మందు బయటికి పోనివ్వవు.

కాలర్: జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి చూడొచ్చా అండి?

డాక్టరు: థర్మామీటర్లో 100.4 దాటితే వేసి కూర్చోకండి. జ్వరం దిగుతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. ఆసుపత్రిలో అడుగుపెట్టిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలి. మీ క్యాన్సర్ ఆసుపత్రి దూరమైతే, రాత్రిపూట రక్తపరీక్ష చేసి సెలైన్ పెట్టగల దగ్గరి ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కోండి. ఫైలు జిరాక్సు సంచీలో ఉంచండి.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి ఇంకొకరు.

కాలర్: సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కి ఇమాటినిబ్ 400 వాడుతున్నానండి. పెరట్లో పంపరపనస విరగకాసింది, తినొచ్చా?

డాక్టరు: వద్దండి. మందుని విరగ్గొట్టే ఎంజైముని ఆ పండు మందగింపజేస్తుంది, రక్తంలో మందు పెరిగిపోతుంది. బిళ్ళ భోజనంతో, పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకోండి. మధ్యలో మానలేదు కదా?

కాలర్: కౌంట్ నార్మల్ వచ్చిందని పోయిన నెల ఒక వారం...

డాక్టరు: కౌంట్ వేరు, ఈ జబ్బు తెచ్చే బీసీఆర్-ఏబీఎల్ అనే జీన్ వేరండీ. కౌంట్ బాగున్నా ఆ జీన్ ఉన్న కణాలు మూలుగలో మిగిలుంటాయి. మూడు నెలలకోసారి ఆ జీన్‌ని కొలిచే పీసీఆర్ రక్తపరీక్ష చేయించుకోండి, దాని శాతం పెరుగుతుంటే మందే మార్చాల్సి రావచ్చు. ఆపిన సంగతి మీ డాక్టరుకి దాచకండి. మానేసినవి కలిపి రెండేసి వేసుకోకండి.

కాలర్: మరి కాయలండీ?

డాక్టరు: ఇరుగుపొరుగుకి పంచండి. కొలెస్ట్రాల్ బిళ్ళలు వేసుకునేవాళ్ళని మాత్రం ముందు వాళ్ళ డాక్టర్ని అడగమనండి.