గోడలు దాటే వైఫై

శ్రోతలకు నమస్కారం. చేతిలో ఫోన్ ఉంటే ఒకసారి వైఫై సెట్టింగ్స్ తెరిచి చూడండి. తిరుపతి భైరాగిపట్టెడలో మా హాల్లో కూర్చుని చూస్తే నిన్న 14 పేర్లు కనిపించాయి. ఒకటి ఇంటిపేరు, రెండు దేవుడి పేర్లు, ఒకటి ఫ్లాట్ నంబరుతో సహా. అవన్నీ చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లు, అంటే వైఫై పంచే డబ్బాలు. ప్రతి రౌటరూ సెకనుకు దాదాపు 10 సార్లు తన పేరును గాల్లోకి పంపుతూనే ఉంటుంది. పక్కింటి సిగ్నల్ మన హాల్లోకి వచ్చినట్టే మనదీ వాళ్లింట్లోకి పోతుంది, తలుపుకు తాళం వేస్తే ఆగేది కాదు, దాన్ని కాపాడేది పాస్‌వర్డ్ ఒక్కటే.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. రాత్రి 9 అయిందంటే చాలు, నెట్ నత్తలా నడిచేది. కంపెనీకి ఫోన్ చేసి గొడవ కూడా పడ్డాను. చివరికి మా అమ్మాయి బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ పేజీ తెరిచింది (కొన్నిటికి ఈ నంబరు వేరే ఉంటుంది, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద చూడండి). ఇంట్లో ఉన్నవి 5 ఫోన్లు, లోపల ఎక్కి ఉన్నవి 11! పాస్‌వర్డ్ ఏమిటో తెలుసా? కనెక్షన్ ఇచ్చినతను పెట్టిన మా ఫోన్ నంబరే. అదే నంబరు మా గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

నెట్ స్లో కావడం చిన్న నష్టం. మన కనెక్షన్ మీద ఎవరైనా మోసం చేస్తే, పోలీసులు ఆరా తీస్తూ ముందు వచ్చేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లింటికే. ఈ మాట తెలిశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ రౌటర్ పేజీలోనే సెక్యూరిటీ అని ఒకటుంటుంది, మన వైఫైకి ఏ రకం తాళం వేసి ఉందో అది చెప్తుంది. అక్కడ డబ్ల్యూఈపీ అని ఉంటే వెంటనే మార్చండి, దాని లోపాలు 2001లోనే బయటపడ్డాయి, ఇప్పుడు దాన్ని ఛేదించడం నిమిషాల పని. డబ్ల్యూపీఏ2 పర్వాలేదు, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉంటే ఇంకా మంచిది. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో ఫోన్‌ను కలిపే డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యాన్ని ఆపేయండి. దాని 8 అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి కోట్లు కాదు, 11,000 ప్రయత్నాలు చేస్తే చాలని 2011లో తేలింది. రౌటర్ పేజీకి విడిగా ఇంకో పాస్‌వర్డ్ ఉంటుంది, అది ఇంకా అడ్మిన్ అనే ఉంటే వైఫైకి ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే లోపలికొచ్చినవాడు అన్నీ మార్చేయగలడు. నెట్‌వర్క్ పేరు దాచేస్తే సరిపోతుందని కొందరంటారు, దాచినా కనిపెట్టే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి.

పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకోండి. మా అమ్మ దాన్ని వంటింట్లో క్యాలెండర్ వెనక రాసుకుంది, నేను వద్దనలేదు, గేటు మీద ఉండటం కన్నా ఎంతో నయం.

బ్రహ్మోత్సవాలకు చుట్టాలు దిగుతారు, కాళ్లు కడుక్కునేలోపే వైఫై అడుగుతారు. కాదనలేం కదా! చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది, దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి అదే ఇవ్వండి. చక్రస్నానం అయ్యి వాళ్లు బస్సెక్కాక మేము దాన్ని ఆఫ్ చేసేస్తాం.