బరంపురం కొత్త కాలనీ కమ్యూనిటీ హాలు: ప్లాను ఎలా ఉంది?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురం శివార్లలో వెలుస్తున్న ఒక కొత్త లేఅవుట్ కోసం గీసిన కమ్యూనిటీ హాలు ప్లానును ఈ వీడియోలో పరిశీలిద్దాం. పర్యావరణహితమైన భవనమని బ్రోచరు మొదటి పేజీలోనే చాటుకున్నారు. బొమ్మలోని చెట్లయితే ఇప్పటికే ఇరవై ఏళ్లు పెరిగి ఉన్నాయి. అయితే గంజాం జిల్లాలో ఒక భవనం ఎన్నాళ్లు నిలుస్తుందో ముందుగా తేల్చేది తుపాను గాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పక్కనున్న గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అందుకే కప్పుతో మొదలుపెడదాం.

తెర మీద కనిపిస్తున్న సెక్షన్‌లో, అంటే భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలో, రేకుల కప్పు పడమటి గోడను దాటి ఆరడుగులు ముందుకు వచ్చింది. పెనుగాలి కప్పు మీదుగా వీచేటప్పుడు రేకులను పైకి లాగుతుంది, చూరు కింద చిక్కుకున్న గాలి అదే సమయంలో వాటిని కింది నుంచి తన్నుతుంది. ఈ రెండు బలాలూ కలిసేది చూరు అంచునే. చూరును రెండడుగులకు కుదించి, నీడ కోసం వసారాను విడి కప్పుతో కట్టాలి. అప్పుడు వసారా రేకులు లేచిపోయినా హాలు కప్పు వాటితోపాటు లేవదు.

అంత చూరు అవసరమైందే పడమట అద్దాల గోడ పెట్టినందువల్ల. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది కనుక ఏ చూరూ దానిని పూర్తిగా ఆపలేదు. ఆ వైపున సామాన్ల గది, మరుగుదొడ్లు ఉంచి, కిటికీలను ఉత్తర, దక్షిణాలకు మార్చడం మేలు.

నాకు నిజంగా నచ్చింది వాననీటి ఏర్పాటు. 300 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 15,000 లీటర్ల నీరు వస్తుంది. మొదటి మురికినీరు పక్కకు పోతుంది, ట్యాంకు పొంగితే మిగిలినది ఇంకుడు గుంతకు చేరుతుంది. కరెంటు లేనప్పుడు ఆ నీటిని తోడుకోవడానికి చేతిపంపు మాత్రం ఎక్కడా చూపలేదు.

సోలార్ విషయంలోనూ ఇదే లోపం. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, లైన్‌మన్ ప్రాణభద్రత కోసం, కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. తుపాను మర్నాడు ఇరుగుపొరుగు వారంతా ఈ హాలులో తలదాచుకున్నప్పుడు, కప్పు మీద ఎండ కాస్తున్నా లోపల ఒక్క ఫోను కూడా ఛార్జి కాదు. అద్దాల గోడ మానుకుంటే మిగిలే సొమ్మును బ్యాటరీకి, కరెంటు పోయినా సోలార్‌ను బ్యాటరీతో నడిపించే హైబ్రిడ్ ఇన్వర్టరుకు, చేతిపంపుకు మళ్లించేదాకా ఈ ప్లానుపై సంతకం చేయవద్దని కాలనీ సంఘానికి నా సూచన.