పుస్తకంతో మ్యూజిక్ ప్రొడక్షన్: ఒంగోలులో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. మీలో చాలామంది వీడియోలు చూసి నేర్చుకుంటున్నారని తెలుసు. నేను మాత్రం పుస్తకం పక్షం, అంటే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మాన్యువల్ పక్షం. వీడియోలో ఎవరో నొక్కిన బటన్లే మనమూ నొక్కుతాం, పాటా వస్తుంది. ఎందుకొచ్చిందంటే నోరు పెగలదు.

పాటలు రికార్డు చేసి కూర్చే సాఫ్ట్‌వేర్ లాజిక్, క్యూబేస్, ఏబుల్‌టన్ లైవ్, ఏదైనా సరే, దాని లావుపాటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవకండి. మెనూల అధ్యాయాలు కొత్త వెర్షన్ రాగానే పాతబడతాయి. శబ్దం మైకు నుంచి ఏ దారిన స్పీకరుకు చేరుతుందో చెప్పేది పాతబడదు. సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకుని అక్కడ మొదలెట్టండి.

బఫర్ సంగతే చూడండి. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న శాంపిళ్లుగా కొలుస్తుంది; ఒక్కో విడతకు ఎన్ని శాంపిళ్లు పోగేసుకోవాలో చెప్పేదే బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ల రేటు దగ్గర బఫర్ 1024 పెడితే, అదొక్కటే 23 మిల్లీసెకన్ల ఆలస్యం. పాడేవాళ్లకు తమ గొంతు హెడ్‌ఫోన్‌లో వెనకబడి వినిపిస్తుంది, తాళం తప్పుతుంది. తిట్లు మాత్రం గాయకుడికి! 64కి దించితే ఒకటిన్నర మిల్లీసెకనే. అలాగని మిక్సింగ్‌కీ 64లోనే ఉంచితే కంప్యూటర్ మొరాయిస్తుంది, స్పీకర్లో చిటపటలు మొదలవుతాయి. అప్పుడు మళ్లీ పెంచుకోవాలి.

ఇక అసలు చిక్కు. ఈ పుస్తకాలు ఎక్కువగా పియానో మెట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి కరవది మన పక్కూరే. ఆయన నాదస్వరంలోని జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారడం, కీబోర్డు మీద ఎలా పలికిస్తారు? కీబోర్డు, కంప్యూటర్ మాట్లాడుకునేందుకు 1983లో వచ్చిన మిడి పద్ధతిలో స్వరానికో నంబరు, 0 నుంచి 127 దాకా. రెండు స్వరాల మధ్యలో నడవాలంటే కీబోర్డు పక్కనుండే, స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం తిప్పాలి. మామూలుగా అది అటు రెండు, ఇటు రెండు సెమిటోన్లే (సెమిటోన్ అంటే పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం) వంగుతుంది. తోడి రాగంలో గాంధారం ఊపు అందులో ఎలాగో ఇముడుతుంది. షడ్జం నుంచి పంచమానికి జారాలంటే ఏడు సెమిటోన్లు, అందదు. సింథ్‌లో, అంటే స్వరాన్ని పలికించే వాయిద్యంలో, ఆ పరిధిని 12 చేయండి. అప్పుడు ఇంకో తంటా: వేలు కాస్త అదిరినా స్వరం పక్కకు పోతుంది. అందుకే చక్రం వదిలేసి తెర మీద ఆ వంపును మౌస్‌తో గీతగా గీయడం మేలు. కచేరీ రికార్డింగ్ పక్క ట్రాకులో పెట్టుకుని, జారు ఎక్కడ బయల్దేరింది, ఎక్కడ నిదానించింది విని గీయండి. ఇంత వివరంగా పుస్తకంలో దొరకదు. పిచ్ బెండ్ పరిధి ఎక్కడ మార్చాలో దొరుకుతుంది, అది చాలు.

క్వాంటైజ్ గురించి, అంటే వాయించిన దెబ్బలను తాళపు గీతల (గ్రిడ్డు) మీదకు సర్దడం గురించి, ఒక్క మాట. డప్పు దరువును పూర్తిగా గ్రిడ్డుకు లాగేస్తే ఊపు చచ్చిపోతుంది. ఎంత లాగాలో చెప్పే బలాన్ని 50 శాతం పెట్టి వినండి, నచ్చకపోతే తీసేయండి.

ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ముందుకు రండి, ఆ జారు ఇప్పుడే గీసి చూద్దాం.