వెలుతురుకూ మోతాదు ఉంది

అందరికీ నమస్కారం. డిప్రెషన్‌కు, అంటే కుంగుబాటుకు, వెలుతురుతో చేసే చికిత్స గురించి నాలుగు మాటలు చెబుతాను.

నా చేతిలో ఉన్నది వెలుతురును లక్స్‌లలో కొలిచే లక్స్ మీటరు. ఈ మైకు పక్కన పెడితే ముల్లు మూడు వందల దగ్గరే ఆగిపోయింది. మన కంటికి మాత్రం హాలంతా వెలిగిపోతున్నట్టే ఉంది! ఆరుబయట మబ్బు పట్టిన పగలైనా ఇది వేలల్లో చూపిస్తుంది, నడినెత్తి ఎండలో లక్ష దాకా పోతుంది. కన్ను ఏ వెలుతురుకైనా సర్దుకుంటుంది కాబట్టి ఇంత తేడా మనకు తెలియదు.

మెదడుకు తెలుస్తుంది. కంటి లోపలి పొర రెటీనాలో, వెలుతురును పసిగట్టే మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న కొన్ని కణాలు, తెల్లవారిందన్న కబురును మెదడులోని జీవగడియారానికి చేరవేస్తాయి. దాన్నిబట్టే నిద్ర, మెలకువ, హార్మోన్లు వేళకు నడుస్తాయి. డిప్రెషన్‌లో తరచుగా ఈ వేళలే తప్పుతుంటాయి.

చలికాలంలో వచ్చే కుంగుబాటును, దానికి వెలుగుతో చేసే చికిత్సను 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్ బృందం వివరించింది. డిసెంబరులోనూ సుమారు 11 గంటల పగలుండే విశాఖకు దానితో ఏం పని అంటారా? 2016లో కెనడా పరిశోధకులు ఋతువులతో సంబంధం లేని డిప్రెషన్ ఉన్న 122 మందిని 8 వారాలు పరిశీలించారు. రోజూ పొద్దున 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చున్నవారు ఉత్తుత్తి చికిత్స పొందినవారికన్నా బాగా కోలుకున్నారు. దానికి డిప్రెషన్‌కు ఇచ్చే ఫ్లూఆక్సెటీన్ మాత్ర తోడైనప్పుడు ఇంకా మంచి ఫలితం కనిపించింది. అందుకే వేసుకుంటున్న మందులు మానకండి.

దీపపు పెట్టెను మూరెడు దూరంలో, చూపుకు కాస్త పక్కగా పెట్టుకుని పేపరు చదువుకోవచ్చు, టిఫిను తినవచ్చు. దాన్నే గుచ్చి చూడనక్కరలేదు. నిద్ర లేచిన గంటలోపు మేలు. సాయంత్రం పెట్టుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది. ఎంత దూరంలో పది వేల లక్స్ వస్తుందో రాయని పెట్టె, అతినీలలోహిత కిరణాలను వడకట్టని పెట్టె కొనకండి. కుంగుబాటు, ఉన్మాదం మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారిని ఇది ఉన్మాదంలోకి నెట్టవచ్చు. వారు, రెటీనా జబ్బున్నవారు, ఒంటికి వెలుతురు సరిపడకుండా చేసే మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి. ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టులు చేసేవారి వేళలు వేరు, వారికి లెక్క విడిగా కట్టాలి.

బీచ్ రోడ్డులో నడిచే మిత్రులకు ఒక మాట. చీకటితో వెళ్లి, పొద్దు పైకి రాకముందే ఇంటికి చేరి కర్టెన్లు వేసుకుంటే నడక దక్కింది, వెలుగు దక్కలేదు. ఇంకాసేపు ఉండండి. సూర్యుణ్ణి సూటిగా మాత్రం చూడకండి. ఇంట్లో కుంగిపోయిన మనిషిని "పొద్దెక్కేదాకా పడకేమిటి" అని సాధించేవారు, ఆ నోటిని కట్టిపెట్టి తూర్పు కిటికీ తెరిస్తే చాలు.

బతకాలని లేదు అనిపించేవారికి మాత్రం దీపం ముందు వారాలు వేచి చూసే వ్యవధి లేదు. ఆ రోజే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు రండి. అర్ధరాత్రయితే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ టెలి మానస్ 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా కట్టనక్కరలేదు.