కొత్త ఎకనామిక్స్ ప్రొఫెసర్‌ను బంగారం రేటు అడిగితే ఏం లాభం?

నమస్తే. ఏ యూనివర్సిటీలోనైనా ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్‌కు కొత్తవాళ్లు చేరగానే ఒక పోస్టు పడుతుంది. శాలువా, బొకే, ఫొటో. కింద రెండు లైన్లు: పేరు, పీహెచ్‌డీ ఎక్కడ చేశారు, "స్పెషలైజేషన్: ఎకనామెట్రిక్స్". ఆ కింద మనవాళ్ల కామెంట్లు చూడాలి. "సార్, బంగారం ఎప్పుడు దిగుతుంది?" "ఏ షేరు కొనమంటారు?" అడిగినవాళ్లను నేనేమీ అనను, నాకు ఒళ్లు మండేది పరిచయం రాసినవాళ్ల మీద. డిగ్రీల చిట్టా మొత్తం విప్పారు కానీ, ఆ మనిషి ఏ ప్రశ్న వెంట పడి ఇన్నేళ్లు చదివారో ఒక్క ముక్క రాయలేదు.

సరే, ఆ పని మనం చేద్దాం. కొత్తగా నలుగురు చేరారనుకోండి. నలుగురినీ మన వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డుకు తీసుకుపోదాం. మిర్చి సీజన్ కదా, ఘాటుకు తుమ్ములు ఆగవు, ముక్కుకు దస్తీ కట్టుకోండి.

[స్క్రీన్ మీద: మిర్చి బస్తాల వరుసలు]

మొదటాయనది మైక్రో ఎకనామిక్స్, అంటే ఒక్కో బేరం, ఒక్కో బజారు ఎట్లా నడుస్తుందో చూసే శాఖ. ఈయన లోపలికి పోగానే ఒక్క బస్తా దగ్గరే ఆగిపోతారు. ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు కాయలు లాగి, నొక్కి, విరిచి చూసి రేటు చెప్తాడు. తేమ ఎంతుందో, తాలు కాయ ఎంత కలిసిందో రైతుకు తెలుసు. కొనేవాడికి పూర్తిగా తెలియదు. తెలియదు కాబట్టి అనుమానానికి కూడా కొంత రేటు కోస్తాడు. ఆ కోత తాలు కలిపినవాడికి ఒక్కడికే పడితే బాధ లేదు. బాగా ఎండబెట్టి, కూలీలను పెట్టి ఏరించి తెచ్చిన రైతుకూ పడుతుంది. మరుసటేడు ఆయన ఏరించడం మానేస్తాడు. ఏరిస్తే వచ్చిందేముంది, కూలి దండగ! జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద రాసిన పేపర్లో చెప్పింది ఇదే: కొనేవాడికి సరుకు సంగతి తెలియని చోట మంచి సరుకే ముందు తప్పుకుంటుంది. దానికి 2001లో నోబెల్‌లో వాటా దక్కింది.

ఇదే యార్డులో జెండా పాట ఉంది, అంటే అమ్మకాలకు ముందు మొదట జరిగే వేలం. పొద్దున పాటలో పలికిన రేటే పేపర్లో హెడ్డింగ్ అవుతుంది. అది చూసి ములుగు నుంచి బండి మాట్లాడుకుని వచ్చిన రైతుకు తన కుప్ప దగ్గర ఆ రేటు వినిపించదు. నన్నడిగితే జెండా పాట రేటును హెడ్డింగ్‌లో వేయడమే తప్పు. ఎక్కువ సరుకు ఏ రేటుకు పోయిందో అది వేయాలి. మోడల్ (modal) ధర అనేది అందుకే ఉంది. పాట రేటుకూ దానికీ ఇంత తేడా ఎందుకుంటుంది, ఎవరికి లాభం? మైక్రో ఆయనకు పదేళ్లకు సరిపడా పని.

రెండో ఆమెది ఎకనామెట్రిక్స్, అంటే దేనివల్ల ఏం జరిగిందో అంకెలతో తేల్చే శాఖ. "లెక్కల మేడమ్" అని తీసిపారేయకండి, ఈమెను నమ్మించడం అందరికన్నా కష్టం. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్, అంటే యార్డుల సరుకును ఆన్‌లైన్‌లో వేలం వేసే ఏర్పాటు, మొదలైంది. నిజామాబాద్ పసుపు కూడా అందులోకి వెళ్లింది. ఎవరైనా మైకు పట్టుకుని "ఆన్‌లైన్ వచ్చాక రేటు పెరిగింది" అన్నారనుకోండి. ఈమె అడిగేది ఒకటే: ఆన్‌లైన్ రాని మార్కెట్లో కూడా ఆ ఏడు అంతే పెరిగిందా? 2021-22లో నల్ల తామర పురుగు పడి మిర్చి చేన్లు నాశనమయ్యాయి. అలాంటి ఏడు సరుకే తక్కువ వస్తే రేటు దానంతటదే ఎగురుతుంది. ఆ ఘనత కంప్యూటర్‌కు కట్టబెడితే ఎట్లా? రెండు మార్కెట్లు తీసుకుని, ముందూ వెనకా తేడా చూసి, ఆ తేడాల మధ్య తేడా లెక్కగడుతుంది. ఈమె పనిలో సగం ఇదే. మన టీవీ చర్చలకు ఇలాంటి మనిషి ఒక్కరుంటే చాలు, సగం చర్చలు పది నిమిషాల్లో ముగుస్తాయి.

మూడో ఆయన డెవలప్‌మెంట్ ఎకనామిక్స్. బస్తా చూడరు, బస్తా పక్కన కూర్చున్న మనిషిని చూస్తారు. ఆ రైతు పట్టాదారా, కౌలుకు చేస్తున్నాడా? అడ్తిదారు దగ్గర ముందే అప్పు తెచ్చాడా? తెచ్చి ఉంటే, రేటు నచ్చకపోయినా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగగలడా? 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది, ఎకరానికి పంటకు 4,000 రూపాయల పెట్టుబడి సాయం. డబ్బు పట్టాదారుకు పోయింది, కౌలు రైతుకు రాలేదు. మరి దాని వల్ల కౌలు పెరిగిందా, తగ్గిందా? ఊరూరా తిరిగి అడిగితే తప్ప తేలదు. ఇలా పేదరికం తగ్గించే మార్గాలను నేల మీద పరీక్షించి చూసిన పనికే 2019లో బెనర్జీ, డఫ్లో, క్రెమర్‌లకు నోబెల్ వచ్చింది.

టైమ్ అయిపోతోంది, నాలుగో ఆమె గురించి గబగబా చెప్తా. మాక్రో, అంటే దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థను చూసే శాఖ. ఈమె యార్డు గేటు దగ్గరే నిలబడి చైనా వైపు చూస్తారు. తేజ రకం మిర్చి అక్కడికి ఎగుమతి అవుతుంది కాబట్టి డాలర్ రేటు, అక్కడి గిరాకీ, ఇక్కడ రిజర్వ్ బ్యాంకు వడ్డీ, అన్నీ ఈమె లెక్కలోకి వస్తాయి.

ఇక హోదాలు. మన దగ్గర ప్రొఫెసర్ అంటే జయశంకర్ సారే గుర్తొస్తారు. ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేసి, కాకతీయ యూనివర్సిటీకి వీసీగా పనిచేసిన మనిషి. కానీ నిన్న చేరినవాళ్లందరూ ప్రొఫెసర్లు కారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం నెట్ అర్హత పరీక్ష పాసైనా, పీహెచ్‌డీ ఉన్నా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా మొదలవుతారు. అసోసియేట్‌కు పీహెచ్‌డీతో పాటు కనీసం 8 ఏళ్ల అనుభవం, ప్రొఫెసర్‌కు మామూలుగా 10 ఏళ్లు కావాలి. పబ్లికేషన్ల లెక్క వేరే ఉంది, దాన్ని వదిలేద్దాం.

పోస్టులో ప్రశ్న రాయకపోతే మీరే వెతుక్కోండి. ఇక్కడి యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు చాలావరకు శోధ్‌గంగ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేరు కొట్టండి, మొదటి చాప్టర్ తెరవండి, "అధ్యయన లక్ష్యాలు" అన్న పేజీ చదవండి. క్లాసులో వాళ్లను ఏం అడగాలో అక్కడే దొరుకుతుంది.